గెలిచే గుర్రం ఏదో ముందే చెప్పగలిగితే... అది విద్యా? జూదమా?

 

నలదమయంతుల వీడియో చూసి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. విషయం మాత్రం ఇది: "అన్నా, నేను రేసులు ఆడతాను. గుడ్డిగా కాదు. ముందు రోజు రాత్రి రేస్ కార్డు మొత్తం చదువుతాను. ఏ గుర్రం ఏ దూరంలో బాగా పరిగెత్తింది, ఎవరు ఎక్కుతున్నారు, బరువు ఎంత, అన్నీ చూసి అప్పుడే పెడతాను. సుప్రీంకోర్టే ఇది స్కిల్ అంది. మా అమ్మ మాత్రం జూదగాడివి, ఆ చేత్తో దీపం ముట్టుకోకు అంటుంది. నేను చేసేది తప్పా?"

వీడియోలో దీనికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పేయొచ్చు. "తప్పు నాన్నా, మానెయ్" అంటే అయిపోతుంది. కానీ అలా చెప్తే ఆ తమ్ముడు మానడు, మనమూ ఏమీ నేర్చుకోం. అతను అడిగిన దాంట్లో నిజంగానే ఒక ధర్మసందేహం ఉంది. కష్టపడి చదివి, తెలుసుకుని చెప్పేదాన్ని కూడా జూదం అనాలా? అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ తమ్ముడి పక్షాన మాట్లాడదాం

మన హైదరాబాద్ వాళ్లకి గుర్రప్పందేలు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో రేసులు మలక్‌పేటకి వచ్చాయి. ఇవాళ్టికీ సీజన్‌లో మలక్‌పేట వైపు వెళ్తే చేతిలో రేస్ బుక్, చెవి మీద పెన్ను పెట్టుకున్న వాళ్లు కనపడతారు.

ఆ పుస్తకం చదవడం ఒక విద్యే. ఇందులో అనుమానం లేదు. ఒక్కో గుర్రానికి వెనకటి పరుగులు ఉంటాయి. 1200 మీటర్లలో మెరుపులా వెళ్లే గుర్రం 1600 మీటర్లకి చివర్లో చతికిలపడొచ్చు. లోపలి గేటు దొరికిందా బయటి గేటు దొరికిందా, ట్రాక్ గట్టిగా ఉందా వానకి మెత్తబడిందా, తెల్లవారుజామున ట్రాక్ మీద పరిగెత్తించినప్పుడు ఎంత టైమ్ తీసింది, తల్లి ఎవరు తండ్రి ఎవరు, ట్రైనర్ ఎవరు, జాకీకి ఈ గుర్రం ఇంతకుముందు అలవాటేనా... ఇవన్నీ చూడాలి. ఇక రేసుకి ముందు ప్యాడక్‌లో నడిపిస్తున్నప్పుడు గుర్రం చెమటలు పట్టి కంగారుగా ఉందా, నింపాదిగా నడుస్తోందా అని చూసే కన్ను వేరే ఉంటుంది. అది ఏళ్ల తరబడి చూస్తే గానీ రాదు.

మన పురాణాల్లో కూడా ఈ కన్ను ఉన్న మనిషి ఒకాయన ఉన్నాడు. నలమహారాజు. రాజ్యం పోయి, రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా ఉంటాడు. విదర్భలో దమయంతికి మళ్లీ స్వయంవరం అని కబురు వస్తుంది. ఒక్క రోజులో చేరాలి. నలుడు అశ్వశాలలోకి వెళ్లి గుర్రాల్ని ఎంచుతాడు. చూస్తే అవి బక్కచిక్కి ఉంటాయి. "ఇవేం గుర్రాలయ్యా, ఇంత దూరం లాగుతాయా?" అని రాజు విసుక్కుంటాడు. నలుడు మాత్రం వాటి జాతి, ముక్కుపుటాలు, దవడలు, ఒంటి మీది సుడులు చూసి ఎంచాడు. ఇవే చేరుస్తాయి అన్నాడు. చేర్చాయి.

ఇది అచ్చంగా ప్యాడక్ దగ్గర నిలబడి గుర్రాన్ని ఎంచడమే. దీన్ని అశ్వహృదయం అన్నారు. గుర్రం మనసు తెలిసిన విద్య. దాన్ని మహాభారతం ఎక్కడా తప్పు పట్టలేదు, మెచ్చుకుంది. కాబట్టి తమ్ముడూ, మొదటి సంగతి: నువ్వు రాత్రంతా కూర్చుని చదివేది పాపం కాదు. ఏ గుర్రం బాగుందో చెప్పడం పాపం కాదు.

అయితే నలుడు ఆ గుర్రాల మీద పందెం కట్టలేదు. వాటిని నడుపుకుంటూ భార్య దగ్గరికి వెళ్లాడు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

సరిగ్గా చెప్పీ ఓడిపోయిన తల్లి

మన ఇతిహాసంలో గుర్రం మీద కట్టిన పందెం ఒకటి ఉంది. ఆదిపర్వంలో వస్తుంది. కద్రువ, వినత అక్కచెల్లెళ్లు, కశ్యపుడి భార్యలు. పాలసముద్రంలో పుట్టిన ఉచ్చైశ్శ్రవం దూరంగా కనపడుతుంది. తోక తెల్లగా ఉందని వినత అంటుంది. లేదు, నల్లగా ఉందని కద్రువ అంటుంది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి దాసి కావాలి. అదీ పందెం.

వినత చెప్పిందే నిజం. గుర్రం తోకతో సహా తెలుపే. కానీ కద్రువ తన కొడుకులైన పాముల్ని పిలిచి, వెళ్లి ఆ తోకని చుట్టుకుని వేలాడండి, నల్లగా కనపడాలి అంటుంది. మర్నాడు వెళ్లి చూస్తే తోక నల్లగా ఉంది. వినత దాసి అయింది. తర్వాత గరుత్మంతుడు అమృతం తెచ్చేదాకా ఆ తల్లికి విడుదల లేదు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు కద్రువ మోసమే కనపడేది. ఇప్పుడు ఇంకో రెండు విషయాలు కనపడుతున్నాయి.

ఒకటి: వినత అంచనా నూటికి నూరు పాళ్లు కరెక్ట్. అయినా ఓడింది. నిజం తెలియడం వేరు, పందెం గెలవడం వేరు. ఆ రెంటి మధ్య మన చేతిలో లేనివి బోలెడు ఉంటాయి. అన్నిసార్లూ మోసమే అక్కర్లేదు. గేటు తెరుచుకున్నప్పుడు గుర్రం ఒక్క క్షణం ఆలస్యంగా కదలొచ్చు. ముందు మూడు గుర్రాలు గోడలా అడ్డు పడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, హ్యాండిక్యాప్ రేసు అనేదాన్ని తయారు చేసేదే మన అంచనాని కష్టం చేయడానికి. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ గుర్రానికి తక్కువ బరువు వేస్తారు. కావాలంటే జీను కింద సీసపు పలకలు పెట్టి మరీ సరిచేస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటేలా చేయాలన్నది హ్యాండిక్యాపర్ ఆశయం. నువ్వు ఎంత బాగా చదువుతావో, నీకన్నా బాగా చదివిన ఒకాయన ఆ చదువు పనికిరాకుండా చేయడానికి కూర్చున్నాడన్నమాట. అందుకే అందరూ నమ్మిన ఫేవరెట్ కూడా గెలిచేదానికన్నా ఓడేదే ఎక్కువ.

గీత పద్ధెనిమిదో అధ్యాయంలో స్వామి ఏ పనికైనా ఐదు కారణాలు చెప్తాడు: ఆధారంగా ఉండే చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. రేస్ బుక్‌లో మొదటి నాలుగు ఉంటాయి. ట్రాక్, జాకీ, గుర్రం, ట్రైనింగ్. ఐదోదానికి కాలమ్ లేదు. ఎంత పెద్ద పుస్తకం వేసినా ఉండదు.

రెండోది ఇంకా భయంకరమైనది. పాములన్నీ తల్లి మాట వినలేదు. కొన్ని, ఇది అధర్మం అమ్మా, మేం చేయం అన్నాయి. వాటిని కద్రువ శపించింది, జనమేజయుడి సర్పయాగంలో పడి చావండి అని. ఆలోచించండి. ఒక తోక రంగు గురించి వచ్చిన వాదం. అది పందెం అయ్యేసరికి, ఓడిపోతానేమో అన్న భయంలో ఒక తల్లి కన్నబిడ్డల్నే పణంగా పెట్టేసింది. వాదం అయితే నవ్వుకుని వదిలేసేవాళ్లు. మధ్యలో దాస్యం అనే పణం పెట్టడంతోనే మనుషులు మారిపోయారు.

కోర్టు అడిగిన ప్రశ్న వేరు, ధర్మం అడిగే ప్రశ్న వేరు

ఇప్పుడు ఆ సుప్రీంకోర్టు మాట చూద్దాం. తమ్ముడు చెప్పింది నిజమే. మద్రాస్ రేస్ క్లబ్‌కి సంబంధించిన కేసులో, 1996లో, గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుంది కాబట్టి అది చట్టం దృష్టిలో జూదం కాదని కోర్టు చెప్పింది. కానీ కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి? ఆ చట్టాల్లోని 'జూదం' అన్న మాట కిందికి ఇది వస్తుందా రాదా అని. నీ బుద్ధికి ఇది మంచిదా కాదా అని ఎవరూ కోర్టుని అడగలేదు. పైగా 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, అది స్కిల్లా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టేసింది. అంటే చట్టం కూడా ఎప్పుడూ ఒకే గీత గీయదు.

మన పూర్వులూ దీని గురించి ఆలోచించారు. మనుస్మృతిలో రెండు మాటలున్నాయి. పాచికల్లాంటి ప్రాణం లేని వస్తువులతో ఆడితే ద్యూతం. ప్రాణం ఉన్నవాటిని పోటీకి దింపి పందెం కడితే సమాహ్వయం. కోడిపందేలు, గుర్రప్పందేలు ఈ రెండో దాంట్లోకి వస్తాయి. రెండిటినీ రాజు తన దేశంలో లేకుండా చేయాలన్నాడు మనువు. కౌటిల్యుడు ఇంకో దారి పట్టాడు. ఎలాగూ ఆడతారు, కాబట్టి ఒక అధ్యక్షుడి కింద, ఒకే చోట ఆడించి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు తీసుకోమన్నాడు. ఈ ఇద్దరిలో ఎవరూ నైపుణ్యం ఉంటే ఫర్వాలేదు అనలేదు. ఇద్దరూ అడిగింది దానివల్ల మనిషికీ ఊరికీ ఏమవుతుంది అనే.

కౌటిల్యుడి ఆ 'నూటికి ఐదు' ఇవాళ ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్క వేద్దాం. టోట్‌లో అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. దాంట్లోంచి క్లబ్ వాటా, పన్ను తీసేసి మిగిలింది గెలిచినవాళ్లకి పంచుతారు. ఉదాహరణకి వంద మంది తలా వంద పెట్టారు, మొత్తం 10,000. ఐదో వంతు కోత పోయిందనుకుందాం. మిగిలింది 8,000. ఆ 8,000 రెండో రేసులో పెడితే 6,400. అలా పది రేసులు అదే డబ్బు తిరిగితే చివరికి ఆ వంద మంది మధ్య మిగిలేది సుమారు 1,074 రూపాయలు. అసలు కోత ఎంతైనా లెక్క తీరు మాత్రం ఇదే. నువ్వు పక్కవాడికన్నా తెలివైనవాడివైతే చాలదు. ఆ కోతని కూడా దాటేంత తెలివైనవాడివి కావాలి. పక్కవాడు కూడా నీలాగే రాత్రంతా చదివొచ్చాడు.

ఒకవేళ దాటావే అనుకో. నీ జేబులోకి వచ్చింది ఎవరిది? గుర్రం సంపాదించి ఇవ్వలేదు. పక్క క్యూలో నిలబడిన ఒక ఆటోడ్రైవర్ అన్నది, ఒక రిటైర్డ్ గుమాస్తాది. వ్యవసాయంలో, వ్యాపారంలో, ఉద్యోగంలో మనం ఏదో ఒకటి ఇచ్చి తీసుకుంటాం. ఇక్కడ ఇచ్చిందేమీ లేదు. వాడి తప్పు అంచనాయే నీ జీతం. ధర్మం ఆగి అడిగేది ఇక్కడే.

రేసులకి వెళ్లనివాళ్లు ఇది తమ గురించి కాదు అనుకోకండి. ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసేవాళ్లు మనలో ఎంతమంది లేరు! 2024 సెప్టెంబర్‌లో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లలోనూ చాలామంది చార్టులు చదివే ఉంటారు, తమది జూదం కాదు స్కిల్ అని నమ్మే ఉంటారు.

"మరి నలుడు మళ్లీ ఆడి గెలిచాడుగా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. నలుడు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు, పుష్కరుడితో మళ్లీ ఆడి రాజ్యం గెలిచాడు. అంటే సరైన స్కిల్ ఉంటే ఆడొచ్చనేగా?

కథని ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. విదర్భకి వెళ్లే దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టుని చూసి, దాని ఆకులెన్ని కాయలెన్ని అనేది రథంలోంచే లెక్క చెప్తాడు. తాండ్ర చెట్టంటే త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ చెట్టే. వేదకాలంలో పాచికలుగా వాడింది ఆ కాయల్నే. నలుడు రథం ఆపేస్తాడు. రాజు టైమ్ లేదంటున్నా వినకుండా దిగి లెక్కపెడతాడు. సరిగ్గా సరిపోతుంది. అప్పుడు ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు. నలుడు అశ్వహృదయం ఇస్తానంటాడు, రాజు అక్షహృదయం ఇస్తాడు. ఆ విద్య అందిన క్షణంలోనే ఇన్నాళ్లూ నలుడిలో ఉన్న కలి బయటికి వచ్చేస్తాడు. వెళ్లి ఆ తాండ్ర చెట్టులోనే దూరతాడు.

ముందు కలి పోయాడు, తర్వాతే నలుడు ఆడాడు. ఈ వరస ముఖ్యం. పోగొట్టుకున్నది రాబట్టుకోవాలన్న కసితో రాత్రికి రాత్రి పరిగెత్తలేదు. ఒక్క ఆట ఆడాడు, గెలిచాడు, ఆగాడు. అంతేకాదు, తనని అడవుల పాలు చేసిన తమ్ముడు పుష్కరుడిని క్షమించి, అతని భాగం అతనికిచ్చి గౌరవంగా పంపాడు. గెలిచిన రోజు ఓడినవాడికి తిరిగిచ్చేసి ఇంటికొచ్చే మనిషి మనలో ఎవరైనా ఉంటే, ఆయనకి ఈ పోస్ట్ అక్కర్లేదు.

ఈ కథ ఎవరికి చెప్పారో కూడా చూడండి. జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో కూర్చున్న ధర్మరాజుకి బృహదశ్వ మహర్షి చెప్పాడు. చివర్లో ఆయనకీ అక్షహృదయం ఇచ్చాడు. ఎందుకు? ఎవరైనా మళ్లీ ఆటకి పిలుస్తారేమో అన్న భయం పోవడానికి. డబ్బు సంపాదించుకో అని కాదు.

మా పెదనాన్న రేస్ బుక్

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పైన రేస్ కార్డు గురించి రాసిందంతా నాకు నేర్పింది మా పెదనాన్న. చిన్న ఉద్యోగం. గుర్రాల విషయంలో ఆయన కన్ను గొప్పది, ఇది ఆయన మీద ప్రేమతో అంటున్న మాట కాదు. తోటివాళ్లు ఆయన మార్కు పెట్టిన పేజీ అడిగి తీసుకునేవాళ్లు. అయినా పెద్దమ్మ గాజులు పోయాయి. తర్వాత అన్నయ్య ఇంజినీరింగ్ ఫీజుకి దాచిన డబ్బు పోయింది.

పెద్దమ్మ ఒకసారి మా అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఓడిన రోజు నాకు భయం ఉండదే. మౌనంగా వచ్చి అన్నం తిని పడుకుంటాడు. గెలిచిన రోజే భయం. మిఠాయి తెస్తాడు, ఆ కళ్లల్లో ఇంకేదో ఉంటుంది." ఆమె గీతాభాష్యం చదవలేదు. కానీ కలి ఎక్కడ ఉంటాడో ఆమెకి తెలుసు.

అన్నయ్య ఫీజు కట్టలేక ఏడాది ఇంట్లో కూర్చున్నప్పుడు పెదనాన్న పందెం మానేశాడు. కానీ పుస్తకం మానలేదు! రేసు ముందు రోజు రాత్రి అదే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకునేవాడు, మర్నాడు పొద్దున్న పేపర్‌లో ఫలితాలు చూసుకునేవాడు. నాకు ఆశ్చర్యం వేసి, డబ్బు పెట్టకుండా ఇదేం సరదా పెదనాన్నా అని అడిగాను. "ఇన్నేళ్లూ నంబర్లే చూశాన్రా. ఇప్పుడు గుర్రం కనపడుతోంది" అన్నాడు. ఒక్కో గుర్రం దెబ్బ తగిలి మళ్లీ ట్రాక్ ఎక్కదని విన్నప్పుడు ఆయన బాధపడటం చూశాను. పందెం కాసే రోజుల్లో అలాంటి వార్త వింటే, అయ్యో నా వంద పోయింది అనేవాడట. ఆయనే చెప్పాడు.

గీత పదో అధ్యాయంలో స్వామి తన విభూతులు చెప్తూ, గుర్రాల్లో నేను ఉచ్చైశ్శ్రవాన్ని అంటాడు. అదే అధ్యాయంలో, మోసగించేవాటిలో జూదాన్ని నేను అని కూడా అంటాడు.  ఒకే మైదానంలో, ఒకే నిమిషంలో, ఒకే పరుగులో రెండూ ఎదురుగా ఉంటాయి. మనం దేన్ని చూస్తున్నాం అన్నదే ప్రశ్న. పెదనాన్నకి ముప్ఫై ఏళ్లు రెండోది కనపడింది, చివరి పదేళ్లు మొదటిది కనపడింది.

తమ్ముడూ, నా జవాబు

నీ చదువు తప్పు కాదు. నీ కన్ను తప్పు కాదు. ఆ విద్యకి పణం కట్టడం దగ్గరే దారి తప్పుతోంది. చట్టం ఒప్పుకున్న చోట ఆడితే నువ్వు నేరస్థుడివి కావు, అది నిజం. కానీ నేరం కాదు అన్నంత మాత్రాన ధర్మం అయిపోదు. నన్ను నమ్మాల్సిన పనిలేదు. ఈ నాలుగూ నిన్ను నువ్వే అడుగు:

1. డబ్బు పెట్టకుండా కూడా ఆ కార్డు చదవాలనిపిస్తుందా? అనిపిస్తే అది విద్య మీద ప్రేమ. అనిపించకపోతే స్కిల్ అన్న మాట ఒక ముసుగు.
2. ఎంత పెట్టానో, ఎంత పోయిందో అమ్మకి అంకెతో సహా చెప్పగలవా? దాచాల్సి వచ్చిందంటే తీర్పు నీ మనసే చెప్పేసింది.
3. గెలిచిన రోజు ఆగి ఇంటికి రాగలుగుతున్నావా?
4. రేసుకి ముందు దేవుడికి ఏమని దండం పెడుతున్నావు?

ఈ నాలుగోది మన ఛానల్ చూసేవాళ్లందరికీ. "స్వామీ, మూడో నంబర్ గెలవాలి" అని నువ్వు మొక్కుతున్న నిమిషంలోనే, ఇంకొకడు అదే స్వామికి ఏడో నంబర్ కోసం మొక్కుతుంటాడు. వాడి పిల్లలకీ ఫీజు కట్టాలి. మన కోరిక తీరాలంటే వాడి మొక్కు చెడాలి. అలాంటి కోరికతో గుడి మెట్లు ఎక్కడం ఎందుకు? పరీక్షకి, ఉద్యోగానికి, ఆరోగ్యానికి అడగండి, తప్పులేదు. ఇంకొకరి నష్టం మాత్రమే తీర్చగలిగే కోరికని దేవుడి ముందు పెట్టకండి.

ఇక అమ్మ దీపం ముట్టుకోకు అన్న మాట. తమ్ముడూ, ఆ మాటలో కోపం కన్నా భయం ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది, మా పెద్దమ్మ భయంలాంటిదే. ఈసారి రేస్ కార్డు ఆమె పక్కనే కూర్చుని చదువు. ఏ గుర్రం ఎందుకు గెలుస్తుందనుకుంటున్నావో ఆమెకి చెప్పు. పర్సు మాత్రం లోపల పెట్టెయ్. మర్నాడు ఇద్దరూ కలిసి ఫలితం చూడండి. నీ అంచనా నిజమైతే ఇద్దరూ సంతోషించండి, తప్పైతే ఇద్దరూ నవ్వుకోండి. ఆ రోజు సాయంత్రం దీపం నువ్వే వెలిగించు. అమ్మ వద్దనదు.

మీ ఇంట్లో ఇలాంటి పుస్తకం, ఇలాంటి భయం ఉంటే ఈ పోస్ట్ వాళ్లకి పంపండి. నలోపాఖ్యానం మిగతా భాగం వచ్చే వీడియోలో చెప్పుకుందాం. అంతవరకు సెలవు.

ఓం నమో నారాయణాయ!